ముప్పై గంటల చదువు

డిగ్రీలో ప్రధాన విషయం చదువుతూనే, దానికి పక్కన విద్యార్థి తనకు నచ్చింది ఎంచుకుని ఒక్క సెమిస్టరులో ముగించుకునే చిన్న కోర్సును ఐచ్ఛిక కోర్సు అంటారు. కాలేజీల్లో మాత్రం ‘ఎలెక్టివ్’ అనే మాటే వాడుక. కెమిస్ట్రీ చదివే అమ్మాయి నాటకం గురించి, కామర్స్ చదివే అబ్బాయి తన ఊరి చరిత్ర గురించి కొన్ని వారాలు చదవడానికి వీలు కల్పించేది ఇదే. దీని కొలత క్రెడిట్. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) లెక్క ప్రకారం వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరంతా పాఠం సాగితే, అంటే 15 గంటలు నడిస్తే, ఒక క్రెడిట్. ప్రయోగశాల పనికీ, బయట తిరిగి చేసే పనికీ అదే క్రెడిట్‌కు 30 గంటలు కావాలి. రెండు క్రెడిట్ల కోర్సంటే 30 గంటల పాఠం. ఒక నవలను నిదానంగా చదివి, దాని మీద నలుగురూ మాట్లాడుకోవడానికి ఆ కాలం సరిపోతుంది. ఒక శాస్త్రాన్ని మొదటినుంచి చివరిదాకా నేర్చుకోవడానికి ఏమాత్రం చాలదు. చిన్న కోర్సుల బలమూ బలహీనతా రెండూ ఈ కొలతలోనే ఉన్నాయి.

విద్యార్థికి ఎంపిక ఉండాలన్న ఆలోచనకు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి 1869 నుంచి 1909 వరకు అధ్యక్షుడిగా ఉన్న చార్లెస్ ఎలియట్, అందరూ ఒకే పాఠ్యక్రమం చదవాలన్న పాత పద్ధతిని క్రమంగా తొలగించి, చాలా భాగం విద్యార్థి ఇష్టానికి వదిలేశాడు. ఆ స్వేచ్ఛ కొంత శ్రుతి మించింది. ఏ రెండు కోర్సులకూ పొంతన లేకుండా తేలికైనవి ఏరుకుని పట్టా పుచ్చుకునేవాళ్లు తయారయ్యారు. ఆయన తర్వాత వచ్చిన లోవెల్, ఒక విషయాన్ని లోతుగా చదవాలి, మిగతా రంగాల్లో కొన్ని కొన్ని చదవాలి అని మధ్యేమార్గం పెట్టాడు. ఇవాళ మన డిగ్రీ కాలేజీల్లో కనిపించే మేజర్, మైనర్, ఎలెక్టివ్ అనే అమరికకు మూలరూపం అదే. 1960లలో ఫ్లోరిడాలోని ఒక చిన్న కాలేజీ మరో అడుగు వేసి, రెండు సెమిస్టర్ల మధ్య జనవరి నెలను ఒకే ఒక్క కోర్సుకు కేటాయించింది. ఆ నెలంతా విద్యార్థి ఒక్క విషయం మీదే కూర్చుంటాడు. ఈ పద్ధతి అక్కడ చాలా కాలేజీలకు పాకింది.

మన దేశంలో ఈ ఆలోచనకు విశాఖపట్నంతో దగ్గర చుట్టరికం ఉంది. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు తరలి వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, అర్థశాస్త్రం మీద తెలుగులో పుస్తకం రాసి, ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యమూ, ‘కవిత్వతత్త్వ విచారము’ అనే విమర్శా రచించిన మనిషి ఆయన. ఒక్క డిపార్ట్‌మెంటు గోడల మధ్య ఇమిడే చదువు కాదది. 1931 నుంచి 1936 వరకు ఆ కుర్చీలో కూర్చున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో కేంద్ర ప్రభుత్వం నియమించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడు. సైన్సు చదివేవారికి సాహిత్యం, సమాజశాస్త్రాలు, ఆర్ట్స్ చదివేవారికి సైన్సు కొంతైనా తెలియాలనీ, ఆ సాధారణ విద్యను కాలేజీల్లో ఆలస్యం లేకుండా మొదలుపెట్టాలనీ 1949 నాటి ఆ కమిషన్ నివేదిక గట్టిగా చెప్పింది. 1950లలో కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రయత్నించాయి కానీ ఆ ప్రయత్నం నిలవలేదు. పదో తరగతి తర్వాతే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ, సీఈసీ గదుల్లోకి విడదీసి, ఆ తలుపులు మళ్లీ తెరవని పద్ధతి మన దగ్గర స్థిరపడిపోయింది. ఒక తెలుగు కుటుంబంలో బిడ్డ ‘ఏ గ్రూపు?’ అన్న ప్రశ్నకు ఇచ్చే జవాబు ఆ బిడ్డ జీవితమంతటికీ జవాబైపోవడం అక్కణ్ణుంచి వచ్చినదే.

ఆ తలుపులు కొద్దిగా తెరుచుకున్నది ఈ పదేళ్లలో. యూజీసీ సూచించిన ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టం ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లోకి 2015–16లో సెమిస్టర్లతో కలిసి వచ్చింది. అప్పట్లో మానవ విలువలు, పర్యావరణం, కంప్యూటర్ పరిచయం, కమ్యూనికేషన్ స్కిల్స్ వంటివి రెండేసి క్రెడిట్ల ఫౌండేషన్ కోర్సులుగా ఉండేవి. పేరుకు చిన్న కోర్సులే అయినా అవి అందరికీ ఒకటే, ఎంపిక లేదు. 2020–21 నుంచి రాష్ట్ర ఉన్నత విద్యామండలి పాఠ్యక్రమాన్ని తిరగరాసింది. మొదటి మూడు సెమిస్టర్లలో నాలుగు లైఫ్ స్కిల్ కోర్సులు, నాలుగు స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సులు పెట్టింది. ఒక్కొక్కటీ రెండు క్రెడిట్లు, 50 మార్కులు. ఇక్కడ మొదటిసారి ఒక జాబితా, అందులోంచి ఎంచుకోవడం అనేవి కనిపించాయి. సైన్సు వైపు నర్సరీ మొక్కల పెంపకం, సోలార్ ఎనర్జీ, పాడి. కామర్స్ వైపు బీమా, ఆన్‌లైన్ బిజినెస్, ప్రకటనలు. ఆర్ట్స్ వైపు టూరిజం గైడెన్స్, పబ్లిక్ రిలేషన్స్, సర్వే అండ్ రిపోర్టింగ్, సోషల్ వర్క్ మెథడ్స్, పెర్ఫార్మింగ్ ఆర్ట్స్, జర్నలిస్టిక్ రిపోర్టింగ్. లైఫ్ స్కిల్ కోర్సుల్లో భారతీయ సంస్కృతి–విజ్ఞానం మీద ఒకటి ఉంది.

2023–24లో చేరినవారికి మళ్లీ మార్పు వచ్చింది. జాతీయ విద్యావిధానం 2020ను అనుసరించి, చరిత్ర–అర్థశాస్త్రం–రాజనీతి అన్నట్టు మూడు సబ్జెక్టులు సమానంగా చదివే పాత బీఏ పోయి, ఒక్క మేజర్, దాని పక్కన ఒక మైనర్ అనే పద్ధతి వచ్చింది. నాలుగో ఏడు చదివితే ఆనర్స్. ఇక్కడ ఒక సంగతి చాలామంది దృష్టికి రాలేదు. మూడు సబ్జెక్టుల బీఏలో వెడల్పు దానంతట అదే ఉండేది. ఒక్క మేజర్ వచ్చాక ఆ వెడల్పు భారమంతా చిన్న కోర్సుల మీద పడింది. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కాగా, వాటిలో వేరే రంగాల బహువిషయ కోర్సులకు కేటాయించినవి 9. మిగతా ప్రపంచమంతా ఆ తొమ్మిదిలో పట్టాలి. కాబట్టి వాటిని టైమ్ టేబుల్లో ఖాళీ నింపే గంటలుగా చూడటం ఇప్పుడు ఇదివరకటికన్నా పెద్ద పొరపాటు.

ఈ కోర్సుల్లో ఎక్కువ భాగాన్ని ‘లిబరల్ ఆర్ట్స్’ అనే పేరు కింద చేరుస్తారు. తెలుగులో దానికి స్థిరపడిన మాట లేదు. ‘ఆర్ట్స్’ అని వినగానే లలితకళలు గుర్తొస్తాయి, లేదా ఇంటర్లో మార్కులు తక్కువొచ్చిన వాళ్లు చేరే గ్రూపు గుర్తొస్తుంది. అసలు అర్థం వేరు. ఒక వృత్తికి తయారుచేసే చదువు కాక, మనిషిని ఏ పనిలోనైనా ఆలోచించగలిగేలా తయారుచేసే చదువు: భాష, సాహిత్యం, చరిత్ర, తత్వం, గణితం, ప్రకృతి శాస్త్రాలు, సమాజ శాస్త్రాలు అన్నీ ఇందులోవే. లెక్కలు కూడా లిబరల్ ఆర్ట్స్‌లో భాగమే అంటే ఆశ్చర్యపడేవాళ్లు ఉన్నారు.

సాంస్కృతిక అధ్యయనం, అంటే కల్చరల్ స్టడీస్, దీనికి చిన్న చెల్లెలు. 1964లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ హాగర్ట్ ఒక కేంద్రం పెట్టాడు. తర్వాత దాన్ని నడిపిన స్టువర్ట్ హాల్‌తో అది ప్రపంచానికి తెలిసింది. కార్మికుల ఇళ్లల్లో చదివే పత్రికలు, పాడుకునే పాటలు, కుర్రాళ్ల వేషభాషలు, టీవీ కార్యక్రమాలు కూడా కావ్యాల్లాగే శ్రద్ధగా చదవదగ్గవని వాళ్లు చూపించారు. తెలుగునాట ఈ దారిలో జరిగిన పని తక్కువేమీ కాదు. హైదరాబాదులోని అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రం 1985 నుంచి పనిచేస్తోంది. సూసీ థారు, కె. లలిత సంపాదకత్వంలో భారతీయ స్త్రీల రచనల రెండు సంపుటాలు 1990లలో వచ్చాయి. చిరంజీవి సినిమాలనూ అభిమాన సంఘాలనూ పరిశోధిస్తూ ఎస్.వి. శ్రీనివాస్ 2009లో ఒక గ్రంథం వెలువరించారు. అభిమాన సంఘం మీద పరిశోధనా అని నవ్వినవాళ్లు, ఆ సంఘాలు రాజకీయాలను ఎలా మార్చాయో కళ్లారా చూసినవాళ్లే.

ఈ చదువు ఎవరికోసం అన్న ప్రశ్న వస్తే కంచరపాలెం వంటి పేట నుంచి చూడటం మంచిది. విశాఖపట్నంలో రైలు పట్టాల పక్కన, హైవేకు ఆనుకుని ఉన్న పేట ఇది. రైల్వే, పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ, చిన్న వర్క్‌షాపులు, ఆటోలు, ఇళ్లలో పని: ఇక్కడి కుటుంబాల్లో ఎవరో ఒకరు వీటిలో ఏదో ఒకటి చేసినవారే. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఇక్కడే ఉంది, ఐటీఐ ఇక్కడే, జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయం కూడా ఇక్కడే. చదువుకూ ఉద్యోగానికీ మధ్య దూరాన్ని అడుగులతో కొలవగలిగిన పేట. ఇలాంటి చోట బిడ్డ కాలేజీలో తప్పెటగుళ్ల గురించి చదువుతున్నాడంటే, ‘అది చదివితే ఏటొస్తాది?’ అని తల్లిదండ్రులు అడగడం సహజం. ఆ ప్రశ్నను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. ఫీజు కట్టేది వాళ్లు.

దానికి రెండు జవాబులున్నాయి. ఒకటి తేలికైనది: టూరిజం గైడెన్స్, జర్నలిస్టిక్ రిపోర్టింగ్, సర్వే పని నేరుగా కూలి తెచ్చే నైపుణ్యాలు. రెండోది అంత తేలికగా నోటికి రాదు గానీ అసలైనది. డబ్బున్న ఇళ్ల పిల్లలకు ఈ చదువు ఇప్పటికే అందుతోంది. 2018లో శ్రీసిటీలో మొదలైన క్రియా విశ్వవిద్యాలయం లాంటి ప్రైవేటు సంస్థలు సాహిత్యాన్నీ, విజ్ఞానాన్నీ, కళలనూ కలిపి బోధించడమే తమ ప్రత్యేకతగా చెప్పుకుంటాయి. ఆ చదువుకు అయ్యే ఖర్చు సామాన్య కుటుంబానికి అందనిది. మర్రిపాలెం, కంచరపాలెం, జ్ఞానాపురం నుంచి మద్దిలపాలెంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కాలేజీకో, పాతనగరంలోని ఏవీఎన్ కాలేజీకో బస్సెక్కే పిల్లలకు అదే వెడల్పు దొరికే దారి ఈ రెండు క్రెడిట్ల కోర్సు ఒక్కటే. ఏవీఎన్ కాలేజీ 1860లో ఒక బడిగా మొదలైన సంస్థ. శ్రీశ్రీ చదివిన చోటు. పెద్ద చదువు పెద్దింటి సొత్తు కాదనడానికి విశాఖలో పాత సాక్ష్యాలే చాలా ఉన్నాయి.

ముప్పై గంటల్లో ఏం చేయవచ్చో ఊహించడానికి కంచరపాలెమే మంచి పాఠ్యపుస్తకం. పేరుతోనే మొదలుపెట్టవచ్చు. ‘కంచర’ అన్న మాట కంచు, ఇత్తడి పోతపోసే పనివారిని గుర్తుచేస్తుంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఆ పని ఈనాటికీ బతికి ఉంది. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందని పేటలోని పెద్దలను పదిమందిని అడిగితే పది కథలు వస్తాయి. ఆ కథల్ని రాసుకోవడం, పాత రికార్డులతో పోల్చడం, ఎక్కడ ఆధారం ఉందో ఎక్కడ లేదో వేరుచేయడం: ఇది చరిత్ర పరిశోధన మొదటి పాఠం. ఊళ్ల పేర్ల మీద పరిశోధన తెలుగులో కొత్త కాదు. కథకుడు కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదనే డాక్టరేట్ చేశారు.

సినిమా మరో దారి. 2018 సెప్టెంబరులో విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ను వెంకటేశ్ మహా దర్శకత్వంలో ప్రవీణ పరుచూరి నిర్మించారు. నటుల్లో ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముందుకు రాని స్థానికులు. ఆ పేట వీధులు, ఇళ్లు, మాట ఉన్నదున్నట్టు తెరకెక్కాయి. కులం, మతం, వయసు ప్రేమకు అడ్డుపడే తీరును నాలుగు కథలుగా అల్లిన ఈ సినిమా ఒక చిన్న కోర్సుకు సరిగ్గా సరిపోతుంది. సినిమా చూడటానికి రెండున్నర గంటలు చాలు. తర్వాత మొదలయ్యేదే చదువు. ఈ సినిమాలో మనసుకు తగిలే మాటలన్నీ ఉత్తరాంధ్ర యాసలో ఉన్నాయి. అంతకుముందు తెలుగు సినిమాల్లో ఆ యాస ఎక్కువగా ఎవరి నోట వినిపించింది? పనివాడి నోట, హాస్యగాడి నోట. కథానాయకుడు మాత్రం పుస్తకంలో మాటలు మాట్లాడాడు. ఎవరి భాష నవ్వించడానికి, ఎవరి భాష ప్రేమించడానికి అన్నది ఎవరు నిర్ణయించారు? ఆ ప్రశ్నను వెనక్కి తీసుకెళితే విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’ దగ్గరికి, అక్కణ్ణుంచి ముందుకొస్తే విశాఖలో వకీలుగా పనిచేస్తూ కోర్టు మెట్ల మీది బీదల భాషను కథల్లోకి తెచ్చిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ దగ్గరికి చేరతాం. నాటకం, కథ, సినిమా: మూడు రచనలు, ఒకే ప్రశ్న, ముప్పై గంటలు. ‘తెలుగు సాహిత్య చరిత్ర: ఒక పరిచయం’ అని పేరు పెట్టి నన్నయ నుంచి నేటిదాకా పేర్లు వల్లెవేయించే కోర్సుకన్నా ఇది విద్యార్థి దగ్గర ఎక్కువకాలం ఉంటుంది.

చిన్న కోర్సు రూపకల్పనలో ప్రధానమైన సూత్రం ఇక్కడే ఉంది. పెద్ద విషయాన్ని కుదించి పలచన చేస్తే చిన్న కోర్సు కాదు, చిన్న విషయాన్ని పూర్తిగా చదివితే అవుతుంది. భారతీయ సంస్కృతి మొత్తాన్ని, సింధు నాగరికత నుంచి అంతరిక్ష ప్రయోగాల దాకా, ముప్పై గంటల్లో చెప్పబోతే మిగిలేది పేర్ల జాబితా. విద్యార్థి దాన్ని పరీక్ష రోజు దాకా మోసి అక్కడే దించేస్తాడు.

టూరిజం గైడెన్స్ కోర్సునే తీసుకుంటే, సిలబస్‌లో పర్యాటకం నిర్వచనాలు, గైడు లక్షణాలు, గైడు బాధ్యతలు ఉంటాయి. అవి రెండు గంటల్లో అయిపోతాయి. మిగతా గంటలు ఎక్కడ గడిపారన్నదే అసలు విషయం. విశాఖ చుట్టూ గైడుకు కావలసినంత సరుకుంది. తీరంలోని తొట్లకొండ బౌద్ధారామం 1970లలో నౌకాదళం ఆకాశం నుంచి జరిపిన సర్వేలో బయటపడింది. తవ్వకాలు 1988 నుంచి సాగాయి. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. పోర్టు కథ వీటికేమీ తీసిపోదు. 1933లో తెరుచుకున్న ఈ రేవు ముఖద్వారాన్ని అలల తాకిడి నుంచి కాపాడటానికి రెండు పాత ఓడలను కావాలని ముంచి అడ్డుగోడ కట్టారు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగిన ‘జల ఉష’ ఇక్కడ తయారైన మొదటి పెద్ద ఓడ. కంచరపాలెం కుర్రాడి తాత ఆ షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి ఉంటే, ఆ కుర్రాడు పర్యాటకులకు చెప్పే మాట ఏ పుస్తకంలోనూ దొరకదు. గైడు శిక్షణ అంటే ఆ మాటను పద్ధతిగా చెప్పడం నేర్పడమే: ఎక్కడ ఆగాలి, ఏది ముందు చెప్పాలి, తెలియనిదాన్ని తెలియదని ఎలా ఒప్పుకోవాలి.

పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ విషయంలో ఉత్తరాంధ్ర మరింత సంపన్నం. గుండెకు కట్టుకున్న గుండ్రటి రేకు వాద్యాలను వాయిస్తూ యాదవులు ఆడే తప్పెటగుళ్లు, జముకు అనే వాద్యం మోతతో సాగే జముకులకథ, అరకు కొండల్లో చేతులు పట్టుకుని ఆడే థింసా, కోలాటం. వీటి పక్కనే శాస్త్రీయ సంప్రదాయం. విజయనగరంలో 1919లో స్థాపించిన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. తర్వాత ఆ పదవిలో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు కూర్చున్నారు. ఘంటసాల అక్కడే నేర్చుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. చుట్టుపక్కల కళాకారులు ఇంతమంది ఉండగా, వాళ్లను ఒక్క రోజైనా తరగతికి పిలవకుండా ‘జానపద కళలు–వర్గీకరణ’ అని బోర్డు మీద రాసి నోట్సు చెప్పడం కళకూ విద్యార్థికీ అన్యాయం. తప్పెటగుళ్లలో అడుగు ఎంత కష్టమో పది నిమిషాలు వేసి చూసిన విద్యార్థికి తెలుస్తుంది. ఆ తర్వాత ఆ కళాకారుణ్ణి చూసే చూపు మారుతుంది. బిరుదురాజు రామరాజు వంటి పండితులు జానపద గేయాలను ఊరూరా తిరిగి సేకరించారు గానీ, గ్రంథాలయంలో కూర్చుని కాదు.

సర్వే అండ్ రిపోర్టింగ్ కోర్సు పైకి పొడిపొడిగా కనిపిస్తుంది. నిజానికి మొత్తం జాబితాలో ఎక్కువ ఉపయోగపడగలిగింది అదే. 2020–21 పాఠ్యక్రమంలో మొదటి సంవత్సరం తర్వాత వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. విద్యార్థి ఒక ఊరినో పేటనో ఎంచుకుని అక్కడి సమస్యను చదవాలి. రెండో సెమిస్టరులో సర్వే పద్ధతి నేర్చుకుని, ఆ వేసవిలోనే దాన్ని వాడటం చక్కటి అమరిక. ప్రశ్నాపత్రం తయారుచేయడం మొదటి మెట్టు. ‘మీ ఇంటికి నీళ్లు సక్రమంగా వస్తున్నాయా?’ అని అడిగితే అందరూ అవుననో కాదనో అంటారు, అంతకుమించి ఏమీ తెలియదు. ‘నిన్న కుళాయి ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఎవరు పట్టారు?’ అని అడిగితే ఆ ఇంటి దినచర్య మొత్తం బయటికొస్తుంది. నీళ్లు పట్టేది ఎవరన్న ఒక్క ప్రశ్నకు జవాబులో ఇంట్లో పని ఎవరి మీద పడుతోందన్న సంగతీ ఉంటుంది. ప్రశ్నను సరిగ్గా అడగటం నేర్చుకున్న విద్యార్థి తర్వాత ఏ ఆఫీసులో కూర్చున్నా అది పనికొస్తుంది. పేటలో సర్వేకు వెళ్లినప్పుడు పిన్నీ, మావయ్యా అని పిలిచి గుమ్మం దగ్గర కూర్చోవడం కూడా ఆ నైపుణ్యంలో భాగమే. ఫారం చేతబట్టి నిలబడిన మనిషికి ఎవరూ నిజం చెప్పరు.

ఆచరణలో ఈ కోర్సులు ఎక్కడ తడబడుతున్నాయో కూడా చెప్పుకోవాలి. మొదటిది, ఐచ్ఛికం అన్న మాట. జాబితాలో ఎన్ని ఉన్నా, కాలేజీలో చెప్పేవారున్నది ఒకటో రెండో. ఏ డిపార్ట్‌మెంటులో పని గంటలు తక్కువ ఉంటే ఆ డిపార్ట్‌మెంటుకు దగ్గరగా ఉన్న కోర్సును క్లాసు మొత్తానికి ‘ఎంపిక’ చేసేయడం చాలాచోట్ల జరిగే పని. నాటకం ఎప్పుడూ ఆడని అధ్యాపకుడు పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ చెప్పడం, ఒక్క వార్త కూడా రాయని అధ్యాపకుడు రిపోర్టింగ్ చెప్పడం ఇందువల్లే. తప్పు ఆ అధ్యాపకులది కాదు. ఖాళీలు ఏళ్ల తరబడి నింపకుండా, గెస్ట్ ఫ్యాకల్టీకి గంటకింత అని కొలిచి ఇస్తూ, వందల కాలేజీల్లో ఒకేసారి డజన్ల కొద్దీ కొత్త కోర్సులు మొదలుపెడితే వచ్చే ఫలితం అది. నాలుగైదు కాలేజీలు కలిసి, తలా రెండు కోర్సులు బాధ్యతగా తీసుకుని, వారంలో ఒక మధ్యాహ్నం విద్యార్థులను ఒకరి దగ్గరికి ఒకరు పంపుకుంటే విశాఖ వంటి నగరంలో ఈ లోటు చాలావరకు తీరుతుంది. దూరం అడ్డు కాదు. సిటీ బస్సులో అరగంట.

రెండోది భాష. 2021–22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మీడియంలోకి మారింది. భౌతికశాస్త్రం సంగతి వేరు. జముకులకథ గురించి, పేట పేరు గురించి, అమ్మమ్మ పాడిన పాట గురించి ఇంగ్లిషులో జవాబు రాయమంటే విద్యార్థి తనకు బాగా తెలిసినదాన్నే తెలియనట్టు రాయాల్సి వస్తుంది. స్థానిక సంస్కృతికి సంబంధించిన కోర్సుల్లోనైనా తెలుగులో రాసే, తెలుగులో మాట్లాడి చూపే వీలు ఇవ్వడం కనీస న్యాయం. ఇంగ్లిషు అవసరం లేదని దీని అర్థం కాదు. రెండు భాషల్లోనూ చెప్పగలిగినవాడే మంచి గైడు, మంచి విలేకరి.

మూడోది పరీక్ష. 50 మార్కుల కోర్సుకు కూడా చిన్న ప్రశ్నలు, పెద్ద ప్రశ్నలు అంటూ అదే పాత ప్రశ్నపత్రం. బజార్లో దొరికే గైడు పుస్తకం పదిహేను పేజీలు చదివితే గట్టెక్కవచ్చు. విద్యార్థి రాసిన రెండు వార్తలు, చేసిన ఒక ఇంటర్వ్యూ, తీసిన ఫొటోల వరుస, పేటలో నడిపించిన ఒక పర్యటన వంటివి చూసి మార్కులు వేయడానికి శ్రమ ఎక్కువ. అయినా ముప్పై గంటల కోర్సును ముప్పై గంటల పనిగా మార్చేది ఆ శ్రమే.

డిగ్రీ కాలేజీల బయట పరిస్థితి ఇంకా పలచన. ఇంజనీరింగులో ఓపెన్ ఎలెక్టివ్‌లు ఉన్నాయి, భారత రాజ్యాంగం, భారతీయ సంప్రదాయ జ్ఞానం వంటివి క్రెడిట్ లేని తప్పనిసరి కోర్సులుగా ఉన్నాయి. క్రెడిట్ లేనిదానికి విద్యార్థి ఎంత మనసు పెడతాడో ఊహించవచ్చు. పాలిటెక్నిక్, ఐటీఐలలో చదువు చేతిపని చుట్టూ తిరుగుతుంది, ఇంగ్లిషు కమ్యూనికేషన్‌కు మించి మానవీయ శాస్త్రాల జాడ తక్కువ. కంచరపాలెం కుర్రాళ్లలో చాలామంది వెళ్లేది అక్కడికే. యంత్రం బాగుచేయడం నేర్చుకునే కుర్రాడికి ఈ నగరంలో కార్మిక చరిత్ర, 1966 నాటి ‘విశాఖ ఉక్కు–ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, 1971లో ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన గురించి పదిహేను గంటల కోర్సు ఒక్కటి ఉంటే, అతను పనిచేయబోయే గేటు ఎలా వచ్చిందో అతనికి తెలుస్తుంది. ఇప్పటికి అలాంటిదానికి టైమ్ టేబుల్లో చోటు లేదు.

కాలేజీలో దొరకని కోర్సుకు ఆన్‌లైన్ ఒక దారి. 2017 జూలైలో కేంద్రం ప్రారంభించిన స్వయం వేదికలో నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు ఉచితంగా చదవవచ్చు, పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి. 2021 నాటి యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు ఇలా చదివే వీలు కల్పించాయి. తత్వశాస్త్రం, సినిమా అధ్యయనం, భాషాశాస్త్రం వంటివి పెద్ద సంస్థల అధ్యాపకుల నోట వినే అవకాశం ఇది. రెండు గదుల ఇంట్లో ఒకే ఫోను నలుగురూ వాడుకునే చోట దాని పరిమితి కూడా తెలిసిందే. కాలేజీ గ్రంథాలయంలో సాయంత్రం రెండు గంటలు కంప్యూటర్లు తెరిచి ఉంచి, ఒక అధ్యాపకుడు దగ్గరుండి చర్చ నడిపితే ఆ పరిమితి చాలావరకు తొలగుతుంది.

ఇలా సంపాదించిన క్రెడిట్లు 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి పేరున జమ అవుతాయి. కాలేజీ మారినా, మధ్యలో చదువు ఆపి రెండేళ్లు పనికి వెళ్లి తిరిగొచ్చినా అవి పోవు. తండ్రికి ఒంట్లో బాగోక కుర్రాడు చదువు మానేసి వర్క్‌షాపులో చేరడం మామూలైన పేటల్లో ఈ ఏర్పాటు విలువ ఎక్కువ. ఆ ఖాతాలో చరిత్ర, నాటకం, సర్వే కోర్సులకు ఒక్కోదానికీ రెండు క్రెడిట్లుగానే నమోదు ఉంటుంది. ఆ పక్కనే కాలేజీ భద్రపరచవలసింది ఇంకొకటి ఉంది: విద్యార్థులు రాసిన పేట పేర్ల కథలు, కుళాయి లెక్కలు, కళాకారులతో జరిపిన సంభాషణలు. చాలా కాలేజీల్లో అవి మార్కులు వేసిన ఏడాదికే పాత కాగితాల బండికి పోతున్నాయి. గ్రంథాలయంలో ఒక బీరువా, సంవత్సరం వారీగా ఒక కేటలాగు ఉంటే, వచ్చే ఏటి బ్యాచ్ తన సర్వేను అక్కణ్ణుంచి మొదలుపెట్టుకోవచ్చు.